ఇంకా తేల్చుకోని ఒవిలా

ప్రజాస్వామ్య సౌధానికి స్తంభాలు నాలుగని బడిపుస్తకాలు ఘోషిస్తాయి. ఆ పుస్తకాలు రాసిన మహానుభావులు ఒక గవర్నరునూ, ఆవిడను చూడవచ్చే ఇరుగుపొరుగునూ తమ ముందుగదిలో ఏకకాలంలో కూర్చోబెట్టవలసిన సంకటాన్ని ఎన్నడూ ఎదుర్కొని ఉండరు. నిజానికి స్తంభం ఒక్కటే. అది మడత కుర్చీ. దాని కాళ్ళు సక్రమంగా విచ్చుకుంటే జాతి నిలుస్తుంది. నడిమధ్యలో బిగుసుకుంటే వేలు నలుగుతుంది.

ఆ శనివారం ఉదయం, అమెరికా రాష్ట్రమైన న్యూ హాంప్‌షైర్‌లోని గాన్యోన్ దంపతుల ఇంట్లో, నలిగిన వేలు వారి కూతురు డెనీస్‌ది. చర్చి నుంచి అరువు తెచ్చిన కుర్చీలను ఒక్కొక్కటిగా విప్పుతున్నా ఆమె చూపు మాత్రం కిటికీ అవతల మెట్ల మీది మంచును పారతో తీస్తున్న తండ్రి మీదనే ఉంది. ఒవిలా గాన్యోన్ మెట్లన్నీ శుభ్రం చేశాడు. పారను గోడకు ఆనించాడు. కాసేపు వీధివైపు చూస్తూ నిలబడ్డాడు. తరువాత పార అందుకొని, మంచు చుక్క కూడా లేని ఆ మెట్లనే మొదటినుంచి గీకసాగాడు.

"అమ్మా, ఒక్కసారి ఇలా రా."

"ఇప్పుడెక్కడ రాను? యాపిల్ పై మాడిపోతుంది," అని వంటింట్లోంచి లూసిల్ కేక.

"నాన్న చేసిన మెట్లే మళ్ళీ చేస్తున్నాడు."

"గవర్నరు జారిపడితే కాలు విరగ్గొట్టిన పాపం మన నెత్తికి చుట్టుకుంటుంది. జాగ్రత్త మనిషి, చేసుకోనీ."

జవాబు బాగానే ఉంది. మరీ త్వరగా వచ్చింది, అదొక్కటే లోపం.

ఒవిలా సామాన్యుడు కాడు. బూట్ల ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా పదవీ విరమణ చేసిన నాటినుంచి ఆయన స్వీకరించిన వృత్తి తేల్చుకోకపోవడం. అధ్యక్ష పదవిని ఆశించేవారు నాలుగేళ్ళకొక చలికాలం ఆ రాష్ట్రంలో గడపగడపా తొక్కుతారు. పార్టీ తరఫున ఎవరు నిలబడాలో అందరికంటే ముందు చెప్పే ప్రైమరీ ఎన్నిక తమదేనని అక్కడివారి అతిశయం. ఎవరికి ఓటెయ్యాలో ముందే తెలిసినవాడు అక్కడ అనామకుడు. వాడికి కరపత్రం దక్కుతుంది. తెలియనివాడు ఋషితుల్యుడు, వాడికి కరచాలనం, డోనట్, టీవీ కెమెరా దక్కుతాయి. ఎన్నో ప్రైమరీలుగా ఓటు వేసే ఉదయం దాకా ఒవిలా తేల్చుకున్న పాపాన పోలేదు. ఊరు ఆయనను చూసి గర్వించేది.

ఈ ఏడు ఆయన అభ్యర్థులకు సంధిస్తున్న ప్రశ్న ఒకటే: "గడ్డకట్టే చలి. ఒక ముసలావిడ హీటర్‌లో నూనె పోయించుకుంటే మందులు కొనలేదు, మందులు కొంటే నూనె పోయించుకోలేదు. ఆవిడకు మీరేం చెబుతారు?" దీన్ని అధ్యక్ష పదవికి పోటీ పడుతున్న గవర్నర్ మార్గో లిండ్‌స్ట్రంను గ్రంథాలయంలో అడిగాడు. వారం తిరక్కుండా అగ్నిమాపక కేంద్రంలో అదే గవర్నరును, అవే మాటలతో, తన పేరు మొదటినుంచి చెప్పుకొని మరీ అడిగాడు. మాట మారుస్తుందేమోనని గట్టి పరీక్ష పెట్టాడని స్థానిక పత్రిక మెచ్చుకుంది. జనం చప్పట్లు కొట్టారు. కొట్టనిది డెనీస్ ఒక్కతే. రెండు చోట్లా ఆమె తండ్రి పక్కనే కూర్చుంది. రెండోసారి లేచి నిలబడే ముందు ఆయన ఆమె చెవిలో, "ఎవరే ఈవిడ?" అన్నాడు.

అప్పటినుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు. ఆ గవర్నరే ఈ ఉదయం తమ ఇంటికి వస్తోంది. వెంట కెమెరా వస్తోంది. ఊరు వస్తోంది.

ఊరిలో అగ్రభాగం ముందే వచ్చింది. పక్కింటి హేజెల్ ప్రాక్టర్ మొదటి వరుసలో కుర్చీని ఆక్రమించి, అభ్యర్థుల మీద తీర్పులు వెలువరించసాగింది.

"ఆ సెనేటరు నాకొద్దమ్మా. చెయ్యి అందిస్తే తడిగుడ్డ పిండినట్టుంది."

"అతని విధానాలు బాగున్నాయంటారే?" అంది లూసిల్.

"విధానాలకేం, దివ్యంగా ఉన్నాయి. చెయ్యే తడి. ఇక ఆ కుర్ర కాంగ్రెస్‌మన్ ఉన్నాడు చూడు, మా వంటింట్లో నిలబడి క్యాబేజీ సూప్ అమోఘం అన్నాడు. అది బీన్స్ సూపే తల్లీ! అణుబాంబు మీట అలాంటివాడి చేతిలో పెడతామా?"

"మరి మన గవర్నరు?"

"ఆవిడ నయం. మా పిల్లి పేరడిగింది. చెప్పేలోపు కారెక్కేసిందనుకో. ఇవాళ వదుల్తానా?"

తలుపు తెరుచుకుంది. ఒవిలా బూట్లకంటిన మంచు దులుపుకుంటూ లోపలికి వచ్చి, హేజెల్‌ను చూసి ముఖమంతా నవ్వాడు. "హేజెల్! ఎప్పుడొచ్చావు?"

"అదేమిటయ్యా! మెట్లమీద పలకరించావు, పట్టుకొని ఎక్కించావు కూడానూ!"

ఒవిలా నవ్వు అలాగే ఉంది గాని, దాని వెనక ఏదో వెతుకులాట మొదలైంది. అంతలో హేజెలే తొడ చరుచుకొని పకపకా నవ్వింది. "తేల్చుకోని మహానుభావుడు కదమ్మా! నేనొచ్చానో లేదో కూడా ఇంకా తేల్చుకోలేదు!"

లూసిల్ నవ్వింది. ఒవిలా అందరికంటే గట్టిగా నవ్వాడు. డెనీస్ తల్లి మోచేయి పట్టుకొని వంటింట్లోకి లాక్కుపోయి తలుపు మూసింది.

"ఇవాళ్టి ఈ తతంగం ఆపెయ్. నాకు ఒంట్లో బాలేదని చెప్పు. ఏదో ఒకటి చెప్పు."

"నీకు మతిపోయిందా? దార్లో ఉన్నారు వాళ్ళు!"

"కెమెరా ముందు ఏమైనా అయితే? ఆవిడెవరని గట్టిగా అడిగేస్తే? అమ్మా, నీకు తెలుసు. నా మొహం చూసి చెప్పు, తెలుసా లేదా?"

లూసిల్ పొయ్యి కట్టేసింది. చేతులు తుడుచుకోవడానికి గుడ్డ తీసుకొని, తుడుచుకోవడం మరిచి అలాగే పట్టుకుంది.

"రోజూ పొద్దున ఆయనకి కాఫీ ఇస్తూ చెబుతున్నానే. గవర్నరంటే పొడుగావిడ, ఎర్ర కోటు. సెనేటరంటే తడి చెయ్యి. ఇవాళ శనివారం. వాళ్ళమ్మ ఇప్పుడు లేదనీ చెబుతాను. ఆవిడకి ఫోన్ చెయ్యక్కర్లేదు."

డెనీస్ గోడకు ఆనుకుంది.

"ఎప్పట్నుంచి?"

"ఆకులు రాలినప్పట్నుంచి. మొన్న పోస్టాఫీసుకని వెళ్ళి పూటంతా రాలేదు. రోడ్ల మీద మంచు గడ్డకట్టిందన్నాడు. ఆ రోజు ఎండ కాసింది."

"నాకొక్క మాట చెప్పకూడదా?"

"చెబితే డాక్టరు దగ్గరికి లాక్కుపోతావు. ఆయన దానికో పేరు పెడతాడు. పేరంటూ పెట్టాక అది ఇంట్లో తిష్ట వేస్తుంది, మన బల్ల దగ్గరే కూర్చుని తింటుంది. కారు తాళాలు తీసేసుకుంటారు. ఈ ఒక్క ప్రైమరీ దాటనీయవే! తేల్చుకోలేదంటే ఈ ఊళ్ళో ఎవ్వరూ మరేం అడగరు. మనిషికి అంతకంటే మంచి దాపు ఎక్కడ దొరుకుతుంది?"

వీధిలో కార్ల తలుపులు వరుసగా మూసుకున్న చప్పుడైంది.

గవర్నర్ లిండ్‌స్ట్రం సపరివారంగా వేంచేసింది. ముందు ఫోన్లు పట్టిన సహాయకులు, వెనక కెమెరా, నడుమ ఎర్ర కోటు. ఉపన్యాసంలో ఆవిడ దేశాన్ని రెండుసార్లు రక్షించింది, మధ్యతరగతిని ఒకసారి. చర్చి కుర్చీలు కిర్రుమంటూ ఆమోదించాయి. తరువాత, "ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అన్నది.

అందరి తలలూ ఒవిలావైపు తిరిగాయి. ఆయన లేచాడు.

"నా పేరు ఒవిలా గాన్యోన్," అన్నాడు, తన ఇంట్లో తానే. ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. "గడ్డకట్టే చలి. ఒక ముసలావిడ..."

ఆగిపోయాడు.

కెమెరా మీది ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. ఆయన కళ్ళు కిటికీ మీద వాలాయి, గోడ మీద వాలాయి, ముందు కూర్చున్న హేజెల్ ముఖం మీద పరాయి ముఖాన్ని చూసినట్టు వాలాయి. ఎవరో దగ్గారు. డెనీస్ ముందున్న కుర్చీ వీపును ఎంత గట్టిగా పట్టుకుందంటే నలిగిన వేలు నొప్పి కూడా తెలియలేదు. వంటింటి గుమ్మంలో లూసిల్ పెదవులు కదులుతున్నాయి. శబ్దం లేదు. ఒవిలా ఆ పెదవులను చూశాడు.

"...హీటర్‌లో నూనె పోయించుకుంటే," అన్నాడు నెమ్మదిగా, "మందులు కొనలేదు. మందులు కొంటే నూనె పోయించుకోలేదు. ఆవిడకు మీరేం చెబుతారు?"

గవర్నరు అరచేతిని గుండెపై ఉంచుకొంది. "ఒవిలా గారూ, మిమ్మల్ని కలుసుకోవడం నా అదృష్టం. నిజం చెబుతున్నాను, ఇలాంటి ప్రశ్న ఇంతవరకు నన్నెవరూ అడగలేదు."

డెనీస్ ఉలిక్కిపడింది. గ్రంథాలయంలో ఇదే వాక్యం. అగ్నిమాపక కేంద్రంలో ఇదే వాక్యం, ఇదే అరచెయ్యి, ఇదే గుండె.

చప్పట్లు మారుమోగాయి. ఆవిడ యాపిల్ పై ముక్క కొంచెం కొరికి, హేజెల్‌ను పిల్లి పేరడిగి, వినకుండానే నిష్క్రమించింది.

కుర్చీలు మడిచే వేళకు ఇంట్లో ముగ్గురే మిగిలారు. డెనీస్ ఇక ఆగలేకపోయింది.

"నాన్నా, ఆవిణ్ణి ఇదివరకు చూశావా?"

"డెనీస్!" అంది లూసిల్.

"నువ్వుండమ్మా. చెప్పు నాన్నా."

ఒవిలా ముఖం ఎర్రబడింది. "ఏంటే, నన్ను బోను ఎక్కిస్తున్నావా? రెండొందల మంది చేత పనిచేయించినవాణ్ణి! నీ పళ్ళకి తీగలు కట్టించినవాణ్ణి! నా ఇంట్లో, నా మొహం మీద..."

"చూశావా, లేదా?"

"తెలీదు!"

ఆ కేకకు ఆయనే బెదిరిపోయాడు. చేతిలోని కుర్చీని విప్పుకొని దానిమీద కూలబడ్డాడు.

"తెలీదే తల్లీ," అన్నాడు. "చూసే ఉంటాను. ఆ ఒక్క ప్రశ్నే నా దగ్గర చెక్కుచెదరకుండా మిగిలింది. కొత్తది అడిగితే, దాన్ని అంతకుముందు అడిగానో లేదో నాకు తెలీదు. ఇదైతే ఎన్నిసార్లు అడిగినా పరీక్ష పెట్టాననుకుంటారు. పోస్టాఫీసు రోజున కారులోనే కూర్చున్నాను. ఎటు తిప్పాలో తట్టలేదు. ఎవరినన్నా అడుగుదామంటే ఈ ఊళ్ళో పుట్టినవాణ్ణాయె. ఏ మొహం పెట్టుకొని అడగను? లూసిల్ హడలిపోతుందని మంచు గడ్డకట్టిందన్నాను."

"నేనేమో నువ్వు హడలిపోతావని నమ్మినట్టు నటించాను," అంది లూసిల్. ఆమె ఆయన పక్కన నేలమీద కూర్చొని, మోకాలి మీద తల పెట్టి, ఇన్నాళ్ళుగా గుండెలో దాచుకున్న ఏడుపు ఏడ్చింది.

ఒవిలా ఆమె జుట్టు సవరించాడు. "పొద్దున్నే కాఫీ ఇస్తూ చెప్తావు చూడు, ఎర్ర కోటనీ, తడి చెయ్యనీ. గుర్తున్న రోజుల్లో కూడా తెలీనట్టే వింటాను. చెప్తున్నంతసేపూ నీ చెయ్యి వణకదు. అందుకని."

డెనీస్ ఇద్దరినీ కలిపి కౌగలించుకుంది. ఎవరు ఎవరిని ఓదార్చారో చెప్పడం కష్టం. చాలాసేపటికి ఒవిలా ముక్కు చీదుకొని, "అది సరే గాని, చూశారా? ఆవిడ కూడా నన్ను గుర్తుపట్టలేదు!" అన్నాడు. ఏడుస్తూనే ముగ్గురూ నవ్వారు. మంగళవారం ఓటు వేశాక, బుధవారం డాక్టరును చూడాలని ఏకగ్రీవంగా తీర్మానమైంది. కారు తాళాలను ఒవిలా స్వయంగా కూతురి చేతిలో పెట్టాడు. పెట్టి, చెయ్యి వెంటనే తీయలేదు.

మంగళవారం బడి వ్యాయామశాలలో పోలింగు. ఆ ఉదయం లూసిల్ కాఫీ ఇచ్చింది గాని ఎవరి గురించీ చెప్పలేదు. వద్దని ఆయనే అన్నాడు. కారు దిగి ముగ్గురూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని మంచులో నడిచారు. తెర వెనక ఒవిలా చాలాసేపు నిలబడ్డాడు. ఇప్పుడే వెళ్ళి పిలవాలని డెనీస్ రెండడుగులు వేసేసరికి తెర తొలగింది. ఆయన పట్టాభిషిక్తుడిలా బయటికి వచ్చాడు.

"తేల్చుకున్నాను," అన్నాడు. వరుసలో నిలబడినవాళ్ళు టోపీలు ఎత్తారు. విలేఖరులు ముసురుకున్నారు. ఎవరికి వేశారంటే, అది తనకూ ఆ కాగితానికీ మధ్య విషయమన్నాడు.

కారులో కూర్చున్నాక భార్య చెయ్యి అందుకొని రహస్యంగా చెప్పాడు. "గవర్నరుకే వేశాను లూసిల్. ఈ చలికాలమంతా అందరి ముందూ నాకు భయం వేసింది, నీ ముందు కూడా. ఆవిడ ముందు మాత్రం భయం వెయ్యలేదు. ఆ దేశమేదో ఆవిడే ఏలనీ."

"మంచి పని చేశావు," అంది లూసిల్. డెనీస్ అద్దంలోంచి తల్లిని చూసి, కారు కదిలించింది.

గవర్నర్ లిండ్‌స్ట్రం పేరు బ్యాలెట్ మీద ఉంది గాని, ఆవిడ సోమవారం సాయంత్రమే పోటీ నుంచి తప్పుకొంది.