హస్తవాసి

సముద్రం జగన్నాథపురం వంతెన దాకా వచ్చేశాక కాకినాడలో ఇళ్లన్నీ స్తంభాల మీదికెక్కాయి. వీధులు కాలువలయ్యాయి. పాలూ కూరగాయలూ పడవల మీద వస్తాయి, డాక్టర్లు గోడమీది తెరలోంచి పలకరిస్తారు. ఊళ్లో సగంమంది డెబ్బై దాటినవాళ్లే. అందుకే వీధికో ఆసరా కేంద్రం వెలిసింది. గ్రంథాలయంలో పుస్తకాలు ఇచ్చినట్టు అక్కడ మనిషిని లేవనెత్తే కుర్చీలు, పక్కకి ఒరిగించే పరుపులు అరువిస్తారు. ఇంట్లో పెద్దవాళ్లను కనిపెట్టుకుని అలిసిపోయినవాళ్లు వచ్చి కాసేపు పడుకోవడానికి గదులున్నాయి. ఆ కాసేపూ వాళ్ల బదులు ఇంట్లో ఉండటానికి వీధిలోని మనుషులే వంతులు వేసుకుంటారు.

సాకేత్‌కి మాత్రం ఆ వంతులు అక్కరకు రాలేదు. రేవులో ఓడల్ని లాగే టగ్గు పడవలు నడిపి రిటైరైన మనిషి ఆయన, డెబ్బై నాలుగేళ్లు. భార్య ప్రవల్లికకు మతిమరుపు జబ్బు ముదిరి ఊరూ ఇల్లూ అయినవాళ్ల ముఖాలూ ఒక్కొక్కటే జారిపోయాయి. ఆయన ముఖం కూడా. మిగిలిందల్లా ఆయన చేతి స్పర్శ. వెనకనుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే చాలు, తిరిగి చూడకుండానే "వచ్చారా?" అనేది. ఇంకెవరు ముట్టుకున్నా కేకలు పెట్టి ముడుచుకుపోయేది. నీళ్లు పొయ్యడం, జడ వెయ్యడం, అన్నం కలిపి పెట్టడం అన్నీ ఆయనే.

అలా ఎత్తీ దింపీ ఆయన కుడి భుజం కీలు అరిగిపోయింది. కీలు మార్చాలన్నారు, కొన్ని వారాలు ఆస్పత్రిలో ఉండాలన్నారు.

"నేనెళ్తే వల్లినెవరు చూస్తారమ్మా?" అన్నాడు సాకేత్, ఆసరా కేంద్రంలో పరిశోధన చేసే డాక్టర్ మేదినితో.

మేదిని బల్లమీద ఒక జత బూడిదరంగు తొడుగులు పెట్టింది. చూడ్డానికి మామూలు చేతి తొడుగుల్లాగే ఉన్నాయి.

"దీనికి హస్తవాసి అని పేరు పెట్టామండి బాబాయిగారూ. లోపలంతా వెంట్రుకకన్నా సన్నటి స్పర్శతంతువులు, సెన్సర్లు. కొన్నాళ్లు మీరు వేసుకుని పిన్నిగారికి పనులు చెయ్యండి. మీ చెయ్యి ఎంత ఒత్తిడితో ఆనుతుందో, ఏ వేలు ముందు తగులుతుందో, ఎక్కడ కాస్త తటపటాయిస్తుందో, ఎంత వెచ్చగా ఉంటుందో అన్నీ నేర్చేసుకుంటాయి. తర్వాత ఇంకొకళ్లు వేసుకుంటే ఆ తంతువులే బిగుసుకుని, సడలి, వాళ్ల వేళ్లను మీ వేళ్లలా నడిపిస్తాయి."

"అంటే నా చెయ్యి అరువిస్తావన్నమాట."

"ఆయ్, అలాగే అనుకోండి," అంది నవ్వుతూ.

తొడుగులు నేర్చుకున్నాయి. వాటికి నకలుగా మరో జత తయారైంది. దాన్ని పక్కింటి జ్యోత్స్న తొడుక్కుంది. కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మెల్లగా వెళ్లి ప్రవల్లిక భుజం మీద చెయ్యి వేసింది.

"వచ్చారా?" అంది ప్రవల్లిక, తిరక్కుండానే.

మేదిని చప్పట్లు కొట్టినంత పని చేసింది. గుమ్మంలో నిలబడిన సాకేత్ మాత్రం ఒకడుగు వెనక్కి వేశాడు. తను ఇక్కడ ఉండగానే తను అక్కడికి వెళ్లిపోయాడు.

ఆస్పత్రిలో తెరమీద రోజూ ఆమెను చూసేవాడు. ఆమె తెరవైపు చూసేది కాదు. జ్యోత్స్న జడ వేస్తుంటే హాయిగా కళ్లు మూసుకునేది. ఆపరేషన్ బాగానే జరిగింది కానీ వేళ్లలో తిమ్మిరి, సన్నని వణుకు మిగిలిపోయాయి. నర్సు చూడనప్పుడు దుప్పటి అంచు మూడు పాయలు చేసి అల్లుకుంటూ ఉండేవాడు.

ఇంటికొచ్చిన రోజు పడవ ఆగీ ఆగకముందే దిగి మెట్లెక్కాడు. ప్రవల్లిక వరండాలో కూర్చుని ఉంది. వెనకనుంచి వెళ్లి భుజం మీద చెయ్యి వేశాడు.

ఆమె ఉలిక్కిపడి లేచింది. "ఎవరండీ మీరు? ఆ చెయ్యి తియ్యండి ముందు. మా ఆయనొచ్చే వేళైంది. చూస్తే బాగోదు."

జ్యోత్స్న కబురు పంపితే మేదిని పరుగున వచ్చింది. ఆయన వేళ్లు పట్టుకుని చూసింది. "కీలు మారాక చెయ్యి వాలు మారిపోయిందండి, వణుకొకటి. ఆవిడకి తెలిసింది మీ పాత చెయ్యి. అది మీ మొదటి జత తొడుగుల్లో ఉంది, ఇవిగో. వేసుకోండి."

వేసుకున్నాడు. వణుకు ఆగిపోయింది. ఒకప్పటి తన పట్టు తన వేళ్లలోకి తిరిగొచ్చింది. "వచ్చారా?" అంటూ ప్రవల్లిక ఆ అరచేతిలో చెంప ఆనించింది. ఎన్ని వారాలుగా ఎదురుచూశాడో ఆ మాట కోసం. తీరా విన్నాక, ఎవరింట్లోకో దొంగచాటుగా వచ్చినట్టనిపించింది. వంటగదిలోకి వెళ్లి తొడుగులు ఊడదీశాడు. మేదినీ జ్యోత్స్నా వెనకాలే వచ్చారు.

"ఇందులోంచి నా చెయ్యి తుడిచెయ్యగలవామ్మా?"

"తుడిచేస్తే పిన్నిగారు ఇంకెవర్నీ రానివ్వరండి. మిమ్మల్ని కూడా." మేదిని ఆ తొడుగులు ఒకసారి తిరగేసి చూసింది. "ఒక పని చేద్దాం. మీ కొత్త చేతిని కొంచెం కొంచెంగా ఇందులో కలుపుతాను. ఆంటీ, మీ జత కూడా ఒకసారివ్వండి."

జ్యోత్స్న ఇచ్చిన జతను పరికరానికి తగిలించి మేదిని ముఖం చిట్లించింది. "ఇవి పాడైపోయాయండి. బాబాయిగారు ఆస్పత్రిలో ఉండగా వచ్చిన తుఫాన్లో ఉప్పునీళ్లు దిగినట్టున్నాయి. అప్పట్నించీ వీటిలో చలనమే లేదు."

"లేకపోవడమేంటే? పొద్దున కూడా వీటితోనే జడేశాను!"

ముగ్గురూ ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకున్నారు. జ్యోత్స్న ఒట్టి చేతులతో వరండాలోకి వెళ్లి ప్రవల్లిక తల నిమిరింది. ప్రవల్లిక కేక పెట్టలేదు.

"నువ్వా?" అంది. "ఇందాకే వేశావుగా జడ. మళ్లీ ఏంటి?"

"వచ్చారా" అనలేదు. తుఫాను తర్వాత ఎప్పుడో ఒక రోజు, రోజూ వచ్చే ఆ కొత్త చేతిని కొత్త చేతిగానే ఒప్పుకుంది. అది ఎవరికీ తెలియలేదు. చెయ్యి వేసినవాళ్లకీ, తొడుగు చేసినవాళ్లకీ కూడా. మేదిని ఆ జతను పరికరానికి మళ్లీ తగిలించి చూసుకుంది. ఆమె లెక్క ప్రకారం అలా జరగడానికి వీల్లేదు.

సాకేత్ తొడుగులు మడిచి అలమారలో పెట్టాడు. పారెయ్యలేదు. ఉదయం నీళ్లు పొయ్యడానికి, అన్నం పెట్టడానికి అవి కావాలి, ఆమెకు భర్త కావాలి. సాయంత్రం మాత్రం తన చేతులతో తను వెళ్లాలనుకున్నాడు.

మొహం కడుక్కుని, చొక్కా మార్చుకుని వరండాలోకొచ్చాడు. ముట్టుకోలేదు. ఎడంగా నిలబడ్డాడు. యాభయ్యేళ్ల కాపురంలో ఆమెను ఎప్పుడూ అండీ అనలేదు.

"గాలి చల్లగా ఉంది కదండీ," అన్నాడు.

"ఉందండి. మీరెవరి తాలూకు?"

"ఈ వీధేనండీ."

"మా ఆయన కోసం చూస్తున్నాను. రేవునుంచి రావాలి."

"ఆయనొచ్చేదాకా నేనూ కూర్చోనాండీ?"

ప్రవల్లిక ఆయన్ని పైనుంచి కింద దాకా చూసింది. వణుకుతున్న వేళ్ల దగ్గర ఆమె చూపు ఒక్క క్షణం ఆగింది.

"కూర్చోండి," అంది. "ఈ కుర్చీ కాదండి, ఇది ఆయనది. ఆ పక్క పీట వేసుకోండి."

సాకేత్ పీట లాక్కుని కూర్చున్నాడు.