కయల్ చేతి మూర

మధురైలో సాయంత్రం బస్సులు నిండే వేళ. బస్టాండు పక్క సందు మొదట్లో ఉన్న పూలబల్ల దగ్గర కయల్ ఒక్కతే కూర్చుని ఉంది. వాళ్లమ్మ సెల్వరాణి, తన చెల్లెలి కాన్పుకని ఆస్పత్రికి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ, కట్టిన మల్లెల చెండు కూతురికి అప్పగించి, అందరికీ సరిగ్గా కొలిచి ఇవ్వమని చెప్పింది.

పూలు కొలవడానికి ఆ వీధిలో ఎవరి దగ్గరా స్కేలూ టేపూ ఉండవు. అమ్మేవాళ్ల మోచేతి నుంచి వేలి కొస దాకా ఒక మూర. అమ్మ చెయ్యి పొడుగు. ఐదో తరగతి చదివే కయల్ చెయ్యి ఎంతుంటుంది?

కాసేపటికి ఆ సంగతి కయల్‌కే తట్టింది. తన చేత్తో కొలుస్తుంటే చెండు తొందరగా తరగడం లేదు. ధర మాత్రం అందరూ ఎప్పటిదే ఇస్తున్నారు. అమ్మను మించిన వ్యాపారం చేస్తున్నానని కయల్ ఉబ్బితబ్బిబ్బయింది.

కొన్నవాళ్లెవరూ కిమ్మనలేదు. రోజూ డ్యూటీకి పోతూ పూలు కొనుక్కునే బస్సు కండక్టర్ అముద మాత్రం దండను తలలో పెట్టి చూసుకుంది. ఆ చెవి నుంచి ఈ చెవి దాకా రాలేదు. కయల్ వైపు ఒకసారి చూసి, బస్సుకు టైమైందని వెళ్లిపోయింది.

ఆ రాత్రి అమ్మకు డబ్బుల డబ్బా చూపించి కయల్ గొప్పలు పోయింది. అలసిపోయి వచ్చిన అమ్మ, అన్ని డబ్బులు ఎలా వచ్చాయని అడగలేదు.

మర్నాడు బల్ల దగ్గర ఇద్దరూ కూర్చున్నారు. అముద వచ్చింది. వీళ్ల ముందు నుంచే నడిచి, ఎదురుగా ఉన్న పాండియమ్మాళ్ పూలబల్ల దగ్గర ఆగింది. ఆమె వెనకే ఇంకొందరు పాత బేరాలవాళ్లు కూడా అటే పోయారు. చీకటి పడేసరికి బుట్టలో సగం పూలు మిగిలిపోయాయి. మల్లెలు రేపటి దాకా ఆగవు. అమ్మ ముఖం వాడిపోయింది.

"నిన్న ఎవరి చేత్తో కొలిచావే?" అని అడిగింది.

"నా చేత్తోనే. మూరంటే చెయ్యే కదమ్మా. ఎవరి చెయ్యో ఎక్కడా రాసి లేదుగా."

అమ్మకు నవ్వు రాబోయి ఆగిపోయింది. "సరే. ఈ బల్ల మనం ఎందుకు పెట్టుకున్నాం?"

"డబ్బు కోసం."

"డబ్బు కావాలి. లేకపోతే రేపు పూలెట్లా తేను, నీ ఫీజెట్లా కట్టను? కానీ అముదక్క మనకు డబ్బులిద్దామని రాదే. తలనిండా పూలు పెట్టుకుందామని వస్తుంది. అది కుదిరితేనే మళ్లీ వస్తుంది."

మిగిలిన పూలను కయలే చెత్తకుండీ దాకా మోసుకెళ్లింది. అవి ఇంకా గుప్పున వాసన వేస్తున్నాయి. కయల్‌కు ఏడుపొచ్చింది.

మరుసటి సాయంత్రం అముద మళ్లీ ఎదుటి బల్ల వైపే నడుస్తోంది. కయల్ చెండు పట్టుకుని పరుగున వెళ్లి ఆమె ముందు నిలబడింది.

"అక్కా, కొంచెం చెయ్యి చాపు."

"ఎందుకు, గాజులు తొడుగుతావా?"

"కాదక్కా. నీ చేత్తోనే కొలిచి ఇస్తాను."

అముద అనుమానంగానే చెయ్యి చాపింది. కయల్ ఆమె మోచేతి దగ్గర దండ కొస ఆనించి, వేలి చివరి దాకా లాగింది. అమ్మ మూర కన్నా బెత్తెడు ఎక్కువే వచ్చింది. అయినా వేలి కొస దగ్గరే పట్టుకుని కోసి ఇచ్చింది. అముద అక్కడే నిలబడి పూలు పెట్టుకుంది. ఈసారి రెండు చెవులూ దాటి దిగాయి. ఆమె నవ్వి డబ్బులిచ్చింది.

పక్కన బస్సు కోసం నిలబడ్డ ఒక పెద్దావిడ ఇదంతా చూసి, తనకూ ఒక మూర కావాలంది. మనిషి అముద కన్నా జానెడు ఎత్తు. కయల్ ఆమె చేతి వంకా, తన చెండు వంకా చూసింది.

"చెయ్యి చాపండి పెద్దమ్మా," అంది.