రెండు దగ్గర తెగిన గీత

"బోర్డు మీద నా గ్రాఫును ఎవరు కలిపిన్రు?"

మనోరమ సుద్దముక్కతోనే స్టాఫ్ రూములోకి వచ్చింది. జహీరాబాద్ బడిలో లెక్కల టీచరుగా చేరి వారం కాలేదు.

బ్రష్షులు కడుగుతున్న డ్రాయింగ్ మాస్టారు విరూపాక్ష తలెత్తాడు. "నేనే మేడం. మీ తర్వాత నాదే పీరియడ్. గీత నడిమిట్ల తెగి ఉండె. సుద్ద విరిగిందనుకొని కలిపిన."

"తెగాల్నే సార్. రెండు కంటె తక్కువకు ఒక సూత్రం, రెండు నుంచి ఇంకో సూత్రం. అందుకే రెండు ముక్కలు. నిలువుగ కలిపితే రెండుకు ఎన్ని విలువలొచ్చినయ్? ఒక్కటే ఉండాలె."

"మరి పైముక్క కొసకు ఆ ఖాళీ సున్న?"

"గీత అక్కడిదాంక వస్తది, అక్కడ నిలువది. కింద నిండు చుక్క ఉన్నది చూడుండ్రి, అదే విలువ."

"అంత దూరం వచ్చి నిలువదా? పాపం."

ఆమెకు నవ్వొచ్చింది. కోపం మాత్రం పోలేదు.

మర్నాటి నుంచి ఆమె పీరియడ్ చివర్లోనే అతను వచ్చేవాడు; ఆమె బిందువులు చెబితే గీసేవాడు. స్కేలు లేకుండానే గీత నిటారుగా వచ్చేది. ఆమె వైపు చూసి, చూడనట్టు బోర్డుకేసి తిరిగేవాడు. వానాకాలం సగమైంది. మనసులో మాట మాత్రం బయటపెట్టలేదు.

ఈలోగా బీదర్ సంబంధం వచ్చింది. ఆదివారం చూపులు. గురువారం తండ్రి మహాదేవప్ప, "అడుగుతున్నరు బిడ్డా. ఏం చెప్పమంటవ్?" అన్నాడు. ఆమె పలకలేదు. శుక్రవారం మళ్లీ అడిగాడు. క్లాసులో చేయించిన లెక్కే మళ్లీ చేయించింది.

శనివారం ఇక ఆగలేకపోయింది. "రేపు బీదరోళ్లు వస్తున్నరు. మీకేం అనిపిస్తలేదా?"

విరూపాక్ష తెల్లబోయాడు. "అనిపించకనేనా బుధవారం మీ నాయన దగ్గరికి పోయింది? పిల్లను అడిగి చెప్త అన్నడు. మీరు పలుకకపోతే ఇష్టం లేదనుకున్న."

ఆమె వానలో గొడుగైనా తీసుకోకుండా తండ్రి విత్తనాల దుకాణానికి నడిచింది.

"నాయనా, ఏం చెప్పమంటవ్ అన్నది ఎవరి సంగతి?"

"డ్రాయింగ్ సారు సంగతే. పేరు తియ్యనీకె నాకే సిగ్గయింది. నువ్వు పలుకుతలేవని బీదరోళ్లను గూడ వద్దనలే."

"వాళ్లకు వద్దని చెప్పు."

మహాదేవప్ప కూతుర్ని ఎగాదిగా చూశాడు. "సరే, సాయంత్రం బస్సుకు పోయి చెప్పొస్త. సారును మాత్రం లోపలికి పిలిచి నువ్వే చెప్పు. నీ వెనుకనే వచ్చి గా వానల నిలబడ్డడు."

మనోరమ గడప దాకా వచ్చింది. అతను సైకిలు పట్టుకుని నిలువునా తడుస్తున్నాడు.

"లోపలికి రాండ్రి."

"అయితే..."

"అయితే ఏంది? నాయన పిలువమన్నడు. రాండ్రి."