నిద్రపోని గిడ్డంగి

గౌసియా చేతిసంచిలో కూతురి సర్టిఫికెట్లన్నీ ఉన్నాయి. పోలీసులు అడిగితే చూపించాలి కదా అని ముందే సర్దుకుని, ప్రైవేటు డిటెక్టివ్ కనకరత్నం ఆఫీసు మెట్లెక్కింది.

“నా తబస్సుమ్ దొంగ కాదమ్మా. ఐదింటిలోగా ఒప్పుకోకపోతే స్టేషనుకే అంటున్నారు వాళ్ల యజమాని. పిల్లని కంప్యూటరు కూడా ముట్టనివ్వడం లేదు. ఈ మచ్చ పడితే ఇంకెవరిస్తారమ్మా ఉద్యోగం?”

కనకరత్నం మంచినీళ్లిచ్చి, సంగతంతా చెప్పించుకుంది.

పోర్టు పక్కన భీమశంకరరావు గారి కంటైనర్ల యార్డు. అక్కడ కంప్యూటర్ల పని తబస్సుమ్‌ది. ఏ కంటైనరు వచ్చింది, ఏది పోయింది అన్న వివరాలన్నీ ఇంటర్నెట్లో అద్దెకు తీసుకున్న సమాచార గిడ్డంగిలో ఉంటాయి. రోజూ పదింటికీ నాలుగింటికీ కొత్తవి చేరతాయి. మొత్తం మూడు గంటల పని. మిగతా సమయమంతా గిడ్డంగి నిద్రపోతుంది. అందుకే మేలుకున్న గంటలకే అద్దె కట్టే పద్ధతిని తబస్సుమ్ ఎంచింది. తీరా ఈ నెల బిల్లు ఎనిమిది రెట్లు! బయటివాళ్లకు వాడుకోనిచ్చి డబ్బు తిన్నదని యజమాని అనుమానం.

“మూడెనిమిదులు ఇరవై నాలుగు,” అంది కనకరత్నం.

“ఏటి మేడమ్, ఎక్కాలప్పజెప్తన్నారు?” అన్నాడు సహాయకుడు గవర్రాజు. ఆవిడ ఎక్కం చదివిందంటే కేసు సగం తేలినట్టేనని అతని నమ్మకం.

యార్డులో ఆవిడ బిల్లు కాగితాలు తిరగేసింది. ఆదివారాలు, పండగ, అన్నిటికీ రోజుకు ఇరవై నాలుగు గంటల లెక్కే. పన్నెండో తారీఖు మధ్యాహ్నం మాత్రం రెండు గంటలు సున్నా.

గేటు షెడ్డులో పెద్ద టీవీ, దానికి బొట్టు, నిమ్మకాయ. ఏ కంటైనరు ఎక్కడుందో డ్రైవర్లు అందులో చూసుకుంటున్నారు. సూపర్‌వైజరు అప్పలసూరిని అడిగింది.

“పన్నెండున మధ్యాహ్నం ఏమైంది?”

“షెడ్డుకి కరెంటు పోనాదండి. టీవీ ఆరిపోయి డ్రైవర్లు నా పేనం తీసేసేరు. పెద్దాఫీసుకైతే జనరేటరుంది. మాకెందుకుంటాది?”

“టీవీ ఎప్పటిది?”

“ఒకటో తారీకునెట్టేను. కొత్త బండిలాగే సింవాచలం తీసుకెళ్లి పూజ సేయించేను. దేవుడి పూజైంది కదాని ఆపనేదు.”

మూడున్నరకు యజమాని గదిలో అందరూ కూర్చున్నారు. బల్ల మీద సంతకానికి సిద్ధంగా గిడ్డంగి అద్దెకు కొత్త కాంట్రాక్టు, ఏడాదికింతని కట్టేసేది.

“బయటివాళ్లు వాడుకుంటే, మీ షెడ్డులో కరెంటు పోగానే ఎందుకు ఆగింది?” అంది కనకరత్నం. “గిడ్డంగిని లేపుతున్నది షెడ్డులోని టీవీ. నిమిషానికోసారి ‘కొత్తదేమైనా వచ్చిందా’ అని అడుగుతోంది. పది నిమిషాలు ఎవరూ కదపకపోతేనే గిడ్డంగి పడుకుంటుంది.”

అప్పలసూరి లేచి నిలబడ్డాడు. “డ్రైవర్లు కిటికీ బాదేస్తన్నారని నిమిషానికోసారి మారేలా నానే ఎట్టేను బాబూ! కొంప ముంచేనా?”

“తెలియక చేశారు. భీమశంకరరావు గారూ, రోజంతా పనుంటే ఏడాది కాంట్రాక్టే చవక. మూడు గంటల పనికి ఈ అమ్మాయి ఎంచిందే చవక. టీవీని రోజుకు రెండుసార్లే, కొత్తవి చేరే వేళకే అడగమనండి.”

ఆయన కలం మూత పెట్టేశాడు. “తప్పు నాదమ్మా తబస్సుమ్. నువ్వే మార్చు.”

తబస్సుమ్ మార్చింది. పది నిమిషాలకు ‘నిద్రలో ఉంది’ అని కంప్యూటర్లో పడింది. గౌసియా కూతురి చెయ్యి పట్టుకుంది.

“బేటీ, మళ్లీ లేవకపోతే? అది కూడా నీ మీదకే వస్తుందేమో!”

నాలుగైంది. కంప్యూటర్లో మాట మారింది: ‘నడుస్తోంది.’

“లేసినాది!” అని, టీవీ చూడ్డానికి షెడ్డుకెళ్లిన అప్పలసూరి కేక.

గౌసియా సంచి జిప్పు మూసింది. తలుపు దాకా వెళ్లి కనకరత్నం దగ్గరకు తిరిగొచ్చింది.

“రేపు పదింటికి కూడా లేస్తుంది కదమ్మా?”