నల్లపూస చేపు

"కదలకండి కోటిరత్నంగారూ, ముక్కు దగ్గర ఇంకా అయిపోలేదు" అంది డాక్టర్ శార్వరి.

కోటిరత్నం కదల్లేదు. మొహానికి తొడిగిన మాస్కు చల్లగా జలగలా పట్టుకుంది. ఆ మెషీన్ పేరు సమత. లోపల వెంట్రుక కన్నా సన్నని గొట్టాలు పదివేలు. నుదుటి మీద, ముక్కు మీద, గడ్డం మీద ఊరే జిడ్డుని అవి పీలుస్తాయి. వడగట్టి, వాసన తీసేసి, పొడిబారిన బుగ్గలకి పూస్తాయి. చివర ఒక ఎర్ర లైటు వెలిగి చర్మంలోని నూనె గ్రంథులన్నిటికీ ఒకే కొలత నేర్పుతుంది. ఆ పాఠం ఏడాది నిలుస్తుంది.

"అసలు నా మొహానికి జబ్బేంటమ్మా?"

"జబ్బు కాదండీ. కాంబినేషన్ స్కిన్. మధ్యలో జిడ్డు, పక్కల పొడి."

"అది నాకు తెలీదా? నుదుటికి సెనగపిండి, బుగ్గలకి మీగడ. నలభై ఏళ్లుగా దేనికి కావలసింది దానికి పెడుతున్నాను. మీరేమో నుదుటి సొమ్ము బుగ్గకి దోచిపెడుతున్నారు."

శార్వరి నవ్వింది. "ఏం చెయ్యనండీ, కంపెనీ రూలు."

ఆ కంపెనీ పేరు పాలమేడ. నగరం నడిబొడ్డున పదకొండు అంతస్తుల భవనం, అంతస్తుకి నలభై గేదెలు. మెషీన్లు ఎన్ని వచ్చినా చేత్తో పితికిన పాలకే గిరాకీ. కొనేవాళ్లు పితకడం కూడా ఫోన్లో చూస్తారు. అలా చూసిన ఒకావిడ రాసింది: "పాలు పితికే మనిషి ముక్కు మెరుస్తోంది, బుగ్గలు పొట్టు లేస్తున్నాయి. ఆ పాలు తాగాలంటే వెలపరంగా ఉంది." పాలు శుభ్రంగా ఉన్నాయా, గేదెకి కడుపునిండా మేత పడుతోందా అని ఆవిడ అడగలేదు. పేడ తట్ట ఒక్కనాడు ఎత్తి ఉంటే మెరిసే ముక్కు చూసి సిగ్గుపడేది! మేనేజర్ ఏకాంబరం మాత్రం ఆ ఒక్క ముక్కకే వణికిపోయాడు. సమత కింద కూర్చోనివాళ్లకి గేటు తెరవొద్దన్నాడు.

మర్నాడు పొద్దున కోటిరత్నం తపేలా పట్టుకుని నల్లపూస అనే గేదె దగ్గర కూర్చుంది. మిగతా గేదెలకి దూడలున్నాయి. దూడ మూతి తగిలితే చాలు, పొదుగులోకి పాలు దిగుతాయి. దాన్నే చేపు అంటారు. నల్లపూస దూడ పుట్టిన తొమ్మిదో రోజునే చచ్చిపోయింది. అప్పట్నించీ కోటిరత్నం నుదురు దాని డొక్కకి ఆనిస్తేనే చేపు. ఇంకెవరు కూర్చున్నా చుక్క రాలదు.

ఆమె నుదురు ఆనించింది. నల్లపూస మెడ తిప్పి వాసన చూసింది. బుసకొట్టి ఒక్క తన్ను తన్నింది. తపేలా ఎగిరి గోడకి తగిలింది.

"ఒసే, నేనేనే! కళ్లు కనపడట్లేదూ?"

రెండో రోజూ అంతే. పొదుగు రాయిలా గట్టిపడి కాలిపోతోంది.

"రేపటికి ఇవ్వకపోతే లిఫ్టులో కిందికి దించేస్తాం" అన్నాడు ఏకాంబరం. కింద కబేళా లారీ ఉంటుంది. అది అందరికీ తెలుసు.

"మొహం మార్చింది మీరు, చచ్చేది అదీనా?"

"గేదెకి మొహాలేం తెలుస్తాయమ్మా!"

"మొహం కాదండీ, వాసన. నా నుదుటి వాసన చూసుకుని దూడని మరిచిపోతోంది పాపం. డాక్టరమ్మా, ఆ వాసన ఎక్కడ పారేశారు?"

శార్వరి గొంతు తగ్గించింది. "పారెయ్యలేదండీ. వడగట్టకముందే కొంత తీసి, ఎవరిది వాళ్ల పేరుతో సీసాల్లో దాచాం, పరీక్షలకి. మీరిచ్చిన కాగితంలో ఉంది."

"వేలిముద్ర వేయించుకున్న కాగితం. ఒక్క ముక్కైనా చదివి వినిపించారా?"

డాక్టర్ తల వంచుకుని వెళ్లి సీసా తెచ్చింది. కోటిరత్నం తన నుదుటి జిడ్డు తనే ఒక చుక్క తీసి నుదుటికి రాసుకుని కూర్చుంది. నల్లపూస మెడ తిప్పింది. వాసన చూసింది. గరుకు నాలుకతో ఆమె జుట్టు ఒక్కసారి నాకి, పెద్దగా నిట్టూర్చింది. తపేలా అడుగున మొదటి ధార ఖంగుమంది. కోటిరత్నం కళ్లు తుడుచుకోలేదు, రెండు చేతులూ పనిలో ఉన్నాయి.

ఈ భాగోతం ఊరంతా ఫోన్లో చూసింది. సాయంత్రానికి పాలమేడ మీద నిలువెత్తు బొమ్మ వెలిగింది: "మెరిసే నుదురు, నిజమైన పాలు."

వారం తిరక్కుండా కొత్త రూలు వచ్చింది. కోటిరత్నం రెండు పూటలా చేయి చాపి నిలబడుతుంటే ఏకాంబరం బీరువా తాళం తీసి సీసాలోంచి ఒక్క చుక్క వేస్తున్నాడు.

"జాగ్రత్తమ్మా, కంపెనీ ఆస్తి."

"నా నుదురు కూడా విప్పి మీ బీరువాలో పెట్టుకోండి!"

ఆయన వినిపించుకోలేదు. ఎదుటి గదిలో సమత గొట్టాలు తిరగేసి బిగించారు, ఈసారి బుగ్గల జిడ్డు నుదుటికి పుయ్యడానికి. వాటి కింద, పక్క అంతస్తులో పాలు పితికే, పట్టులాంటి మొహం ఉన్న చంద్రావతి బిక్కుబిక్కుమంటూ కూర్చుంది.

"నా మొహానికి జబ్బేంటి డాక్టరమ్మా?"

శార్వరి కోటిరత్నం వైపు చూడలేకపోయింది.

"జబ్బు కాదండీ" అంది. "అంతా ఒకేలా ఉంది. కదలకండి."