ఖాళీ హాల్టులో ఆగిన రైలు

సముద్రం పక్కనుంచి పోయే ఆ చిన్న రైలు లైనులో ఒక హాల్టు ఉంది. దానికి మంచి పేరు లేదు.

చుట్టుపక్కల ఇల్లూ లేదు, వాకిలీ లేదు. ఒకప్పుడు అక్కడ ఉప్పు పరీక్షించే ఆఫీసు ఉండేది. అలలు గోడల్ని తినేశాక దాన్ని మూసేశారు. ఇప్పుడక్కడ మిగిలింది ఒక సిమెంటు ప్లాట్‌ఫారం, రేకుల షెడ్డు, ఒక దీపస్తంభం... అంతే.

ఆ లైను మీద చిన్న స్టేషన్లలో రైలు ఊరికే ఆగదు. ఎక్కేవాళ్ళుంటే ప్లాట్‌ఫారం మీద స్విచ్చు నొక్కి దీపం వెలిగించాలి — డ్రైవరు చూసి ఆపుతాడు. దిగేవాళ్ళుంటే పెట్టెలో తలుపు పక్కనున్న బెల్లు నొక్కాలి — డ్రైవరు విని ఆపుతాడు. అటు తిరిగేవాళ్ళలో ఇది తెలియనివాళ్ళు లేరు.

అయితే ఈ హాల్టులో... మనిషన్నవాడు లేని ఈ హాల్టులో... కొన్ని రాత్రులు దీపం వెలుగుతుందంటారు. రైలాగుతుంది. తలుపులు తెరుచుకుంటాయి. ఎవరూ ఎక్కరు. కానీ తర్వాతి స్టేషను వచ్చేదాకా పెట్టెలో ఒక్కరూ నోరు విప్పరట.

"ఉప్పుగాలికి స్విచ్చు తుప్పు పట్టి ఉంటుంది, దానికింత కథా?" అని మా నాన్న కొట్టిపారేస్తాడు. ఆయన ఎప్పుడూ పగటి రైలే ఎక్కుతాడు లెండి.

ఇది మా పిన్ని చెప్పింది. విన్నది విన్నట్టు చెబుతున్నాను. నా సొంత పైత్యం ఒక్క చుక్క కూడా కలపలేదు.

మా పిన్నికి బట్టలుతికి ఇస్త్రీ చేసిచ్చే షాపుంది. దాని పక్కనే మా బాబాయి కళ్ళజోళ్ళు బాగుచేసే షాపు. ముందు గోడ పంచుకున్నారు, తర్వాత ఇల్లు పంచుకున్నారు. ఆయనకిది రెండో పెళ్ళి. మొదటావిడ జబ్బు చేసి పోయింది. పిన్ని అన్నీ తెలిసే చేసుకుంది. తెలిసి చేసుకున్నంత మాత్రాన కుళ్ళు రాకుండా పోతుందా?

కుళ్ళు అనే అంటున్నాను. అసూయ అంటే మరీ మర్యాదగా ఉంటుంది, మా పిన్నిది అంత మర్యాదైన సరుకు కాదు. విచిత్రమేమిటంటే, బతికున్న ఆడవాళ్ళ మీద ఆవిడకి ఏ కుళ్ళూ లేదు. కళ్ళజోడు వదులైందన్న వంకతో ఎవరొచ్చి బాబాయి ఎదుట ఎంతసేపు కూర్చున్నా పట్టించుకునేది కాదు. ఆవిడ పోరంతా ఆ పోయిన సవతితోనే.

"ఫోటో ఉంటే కనీసం గోడవైపు తిప్పి పెడుదును. ఒక్క ఫోటో కూడా లేదే! దేన్ని తిప్పమంటావు?" అనేది నాతో, ఎవరిదో చొక్కా కాలరు మీద కసిగా ఇస్త్రీపెట్టె రుద్దుతూ.

దానికి తోడు బాబాయి పద్ధతులు అలా ఉండేవి. సోఫాలో కూర్చుంటే పక్కన కాస్త చోటు వదిలేవాడు. రోడ్డు మీద పిన్నితో నడుస్తున్నా ఒక పక్కకి ఒదిగి నడిచేవాడు, ఆ రెండో పక్క ఇంకెవరో వస్తున్నట్టు. ఇంట్లోకి వచ్చాక తలుపు వెంటనే వేసేవాడు కాదు. ఒక్క క్షణం రెక్క పట్టుకుని నిలబడి... అప్పుడు వేసేవాడు.

"ఎవరికోసమండీ?" అని పిన్ని అడిగితే, "ఊఁ? ఏంలేదు, అలవాటు" అనేవాడు.

"అలవాటట! ఎవరు చేశారు ఆ అలవాటు?" అని పిన్ని నా దగ్గర పళ్ళు నూరేది.

ఇలా ఉండగా ఒకరోజు బాబాయి ఉన్నట్టుండి ప్రయాణం మాటెత్తాడు. సముద్రం లైను మీద చివరి ఊరిదాకా వెళ్ళి, ఒక రాత్రి ఉండి వద్దామన్నాడు. పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి వీధి చివర దాకా తప్ప ఎక్కడికీ వెళ్ళలేదు. పిన్ని ఆనందం పట్టలేకపోయింది. ఆ పూట ఎవరి బట్టలు ఎవరికిచ్చిందో ఆవిడకే తెలియదు.

ఇంక ప్లాను మొదలైంది. కళ్ళజోళ్ళకి చీమతలంత స్క్రూలు బిగించే మనిషి కదా, ప్రయాణానికీ అలాగే బిగించాడు. భోజనాల బల్ల మీద టైంటేబుల్ పరిచాడు. జంక్షన్లో రైలు మారాలి, అక్కడ టీ నోట్లో పెట్టలేం, కాబట్టి ఫ్లాస్కు తప్పనిసరి. వెళ్ళేటప్పుడు సముద్రం కుడివైపు వస్తుంది, కాబట్టి కుడివైపు సీట్లు. లాడ్జీలో ముందువైపు గదికి అలల హోరు ఎక్కువ, కాబట్టి వెనకవైపు గది. పిన్ని పక్కన కూర్చుని అన్నిటికీ తలాడించింది. ఇన్నాళ్ళకి మొగుడు తనకోసం ఇంత బుర్ర పెట్టాడని ఆవిడ మురిసిపోయింది పాపం.

"పగటి రైలుకి వెళ్దామండీ, సముద్రం కనపడుతుంది" అంది.

"చివరి రైలుకి వెళ్దాం."

"చీకట్లో ఏం కనపడుతుంది? మరి కుడివైపు సీట్లెందుకు?"

బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మూడు సీట్లు చెప్పి వచ్చాను" అన్నాడు, ఆ ప్రశ్న విననట్టే.

"మూడా? ఉన్నది ఇద్దరమే కదా!"

"కాళ్ళు బార్లా చాపుకోవచ్చు."

మా బాబాయి పొట్టి మనిషి. ఆయన కాళ్ళకి ఒక సీటే ఎక్కువ. పిన్నికి అక్కడ మొదటి అనుమానం పుట్టింది.

రెండో అనుమానం షాపుకే నడిచొచ్చింది. ఆ లైను మీద గార్డుగా చేసి రిటైరైన ముసలాయన కోటు ఇస్త్రీకి తెచ్చాడు. ప్రయాణం సంగతి విని నవ్వాడు. "మీ ఆయనకి ఆ లైను కొత్తేం కాదమ్మా! మొదటావిడ ఆ ఉప్పు ఆఫీసులోనే పనిచేసేది. సాయంత్రం దీపం వేసుకుని హాల్టులో నిలబడేది. ఈయన రైల్లో కుడివైపు కిటికీ సీటు ఆపి ఉంచేవాడు, ఆవిడకి సముద్రం ఇష్టమని. వాళ్ళ జత కుదిరిందే అలాగ" అన్నాడు.

పిన్నికి ఒళ్ళు మండిపోయింది. చేతి కింద కోటు కూడా మండింది. దాని భుజం మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

"మానెయ్యి పిన్నీ, కడుపునొప్పి అని చెప్పు" అన్నాను నేను.

"ఎందుకు మానాలి? మానేస్తే ఆవిడ గెలిచినట్టు కాదూ? ఆ కిటికీ పక్కన నేనే కూర్చుంటాను. ఆ హాల్టు దాటేటప్పుడు ఆయన చెయ్యి నా చేతిలోనే ఉంటుంది. చూస్తూ ఉండు!"

బయల్దేరారు. జంక్షన్లో రైలు మారేసరికి చీకటి పడింది. చిన్న రైలు, పెట్టెలో నలుగురైదుగురు మనుషులు. వీళ్ళ మూడు సీట్లూ ఒకే వరసలో ఉన్నాయి, ఎదురు వరస ఖాళీ. పిన్ని నేరుగా వెళ్ళి కిటికీ సీట్లో కూర్చోబోయింది.

"అక్కడొద్దు" అన్నాడు బాబాయి మెల్లిగా.

"ఏం?"

"గాలి... ఈ చివర కూర్చో. నేను మధ్యలో కూర్చుంటాను."

పిన్ని చేతిసంచీ ఆ కిటికీ సీట్లో దబ్బున పడేసింది. బాబాయి దాన్ని తీసి పైన పెట్టాడు.

అలా సాగింది ప్రయాణం. సముద్రం వైపు కిటికీ సీటు ఖాళీ. మధ్యలో మొగుడు. ఈ చివర, నడిచే దారి పక్కన, తాళి కట్టించుకున్న పెళ్ళాం. పిన్ని ఆయన చెయ్యి పట్టుకుంది — ఆయన చూపు మాత్రం కిటికీ వైపే ఉంది. నాకోసం కాదు ఈ చూపు, అనుకుంది. ఇంకొకావిడ కోసం కాచుకుని కూర్చున్నాడు! పెళ్ళాన్ని పక్కన పెట్టుకుని మరీ కాచుకున్నాడు! ఏడుపొచ్చింది ఆవిడకి. ఆ ఏడుపు బయటికి రానివ్వలేదు, అదీ పౌరుషమే.

హాల్టుకి ముందు స్టేషను దాటింది.

బాబాయి లేచాడు. పిన్ని మోకాళ్ళు దాటుకుని తలుపు దగ్గరికి వెళ్ళాడు. ఒక్కసారి వెనక్కి తిరిగి ఆ కిటికీ సీటు వైపు చూశాడు... బెల్లు నొక్కాడు.

టింగ్...

దారికి అవతల పేపరు చదువుకుంటున్న ఒకాయన ఉలిక్కిపడి తలెత్తాడు. ఏ హాల్టు రాబోతోందో గుర్తొచ్చినట్టుంది... పేపరు ముఖానికి అడ్డం పెట్టేసుకున్నాడు.

పిన్నికి అంతా అర్థమైపోయింది. అర్థమైపోయిందనే అనుకుంది. దీపం వేసుకునే చేతులు ఆ పోయినావిడకి లేవు కాబట్టి ఈయనే లోపల్నుంచి రైలు ఆపిస్తున్నాడు! ఎక్కించుకోవడానికి! ఆ కిటికీ పక్కన కూర్చోబెట్టుకోవడానికి!

"భయమెయ్యలేదా పిన్నీ?" అని అడిగాను.

"భయానికి చోటెక్కడిదే? ఒళ్ళంతా కుళ్ళే."

రైలు నెమ్మదించింది. రేకుల షెడ్డు మెల్లిగా కిటికీలోకి వచ్చి ఆగింది. దీపం వెలగడం లేదు. ప్లాట్‌ఫారం మీద పురుగు కూడా లేదు. తలుపులు తెరుచుకున్నాయి... ఉప్పుగాలి పెట్టెంతా నిండింది.

బాబాయి వచ్చి దారిలో ఒక పక్కకి ఒదిగి నిలబడ్డాడు.

"ఒక్క నిమిషం లే" అన్నాడు గుసగుసగా.

పిన్ని లేవలేదు. కాళ్ళు చాపి ఎదురు సీటుకి తన్నిపెట్టింది.

"కాస్త దారియ్యి..."

"ఎవరికి?"

బాబాయి కిటికీ సీటు వైపు చూశాడు.

"ఎవరికండీ దారి? మీ ఆవిడకా? నేను కదలను! నన్ను దాటుకుని ఎలా వెళ్తుందో నేనూ చూస్తాను! చచ్చి కూడా నా కాపురంలో వేలుపెడుతుందా? అంత సిగ్గులేనిదా?"

"మెల్లిగా... మెల్లిగా అను..." బాబాయి రెండు చేతులూ జోడించాడు. "నీకు దణ్ణం పెడతాను. ఒక్కసారి కాళ్ళు తియ్యి."

అది చూసేసరికి పిన్నికి ఇంకా మండింది. తనకోసం ఆయన ఏనాడూ ఎవరి ముందూ ఇలా చేతులు జోడించలేదు. కాళ్ళు ఇంకా గట్టిగా తన్నిపెట్టింది.

తలుపులు తెరుచుకునే ఉన్నాయి... గాలి వస్తోంది... దూరంగా అలల హోరు.

గార్డు ఈల వేశాడు. తలుపులు మూసుకున్నాయి. రైలు కదిలింది.

షెడ్డు వెనక్కి జరిగింది, ప్లాట్‌ఫారం అంచు జరిగింది, తర్వాత అంతా చీకటి. పిన్ని గట్టిగా ఊపిరి పీల్చుకుంది. గెలిచాననుకుంది. ఇన్నాళ్ళ పోరు ఇవాళ్టితో సరి అనుకుంది. నవ్వు కూడా వచ్చిందట.

"చూశారా? ఎక్కనిచ్చానా? ఇంక మనింటికి రాదు" అంది.

బాబాయి అలాగే నిలబడి ఉన్నాడు. ముఖంలో రక్తం లేదు.

"ఎక్కేవాళ్ళు దీపం వేస్తారు" అన్నాడు. "నేను నొక్కింది... బెల్లు."

పిన్నికి ఒక పట్టాన బోధపడలేదు.

"బెల్లు దిగేవాళ్ళకి కదా" అన్నాడు ఆయన. "ఆవిడ పోయిన కొత్తలో ఒక్కణ్ణే ఇక్కడికొచ్చాను. ఆవిడ నిలబడినట్టే దీపం వేసుకుని నిలబడ్డాను. పిచ్చి బాధ. రైలాగింది, ఎక్కాను... నా వెనకే ఎక్కింది. అప్పట్నుంచీ మనింట్లోనే ఉంది. నువ్వొచ్చాక పొమ్మని బతిమాలుతూనే ఉన్నాను. ఈ మధ్యే ఒప్పుకుంది. ఎక్కినచోటే దింపెయ్ అంది. పాపం, నీకు అడ్డంగా ఉండటం తనకీ ఇష్టం లేదంది."

అవతలి సీట్లో పేపరు చిన్నగా గలగలలాడుతోంది.

"మరి... రేపు వచ్చేటప్పుడు దింపుదామండీ. నేనే లేచి దారిస్తాను. నేనే బెల్లు నొక్కుతాను."

"ఇంక దిగదు" అన్నాడు బాబాయి. "నువ్వన్నవన్నీ వింది."

పిన్ని కిటికీ సీటు వైపు చూసింది. ఖాళీ. మధ్య సీటు వైపు చూసింది. ఖాళీ. బాబాయి వైపు తిరిగింది.

"ఇప్పుడు... ఎక్కడుంది?"

బాబాయి చెప్పడానికి ఇష్టం లేనట్టు తల పక్కకి తిప్పుకున్నాడు.

"దిగడానికి లేచింది కదా... నీ మోకాళ్ళ దగ్గరే నిలబడిపోయింది. ఇందాకటిదాకా తలుపు వైపే చూసింది." ఆయన గొంతు ఇంకా తగ్గింది. "ఇప్పుడు నిన్నే చూస్తోంది."

మా పిన్ని మెల్లిగా... చాలా మెల్లిగా... కాళ్ళు వెనక్కి ముడుచుకుంది. చివరి ఊరొచ్చేదాకా మళ్ళీ చాపలేదట.