ఓజెల్లా చెప్పిన సాక్ష్యం

గురువారం పొద్దున్న ఓజెల్లా పొయ్యి మీద మొక్కజొన్న రవ్వ అడుగంటకుండా కలుపుతోంది. కూతురు వెర్లీన్ వంటింట్లోకి వచ్చి కాఫీ పోసుకుని, తల్లి మొహం చూడకుండా కిటికీ వైపు తిరిగి తాగింది. రవ్వలో వెన్న వేసి ముందు పెట్టినా ముట్టలేదు. వెర్లీన్‌కి నలభై దగ్గర పడుతున్నాయి గానీ, అలిగితే మాత్రం చంటిపిల్లే.

రాత్రి ప్రార్థన కూటంలో జరిగిన సంగతి తెల్లారేసరికి అల్బనీ ఊళ్ళో నల్లవాళ్ళుండే మా వీధంతా పాకిపోయింది. మా చర్చిలో బుధవారం సాక్ష్యాల రోజు. మనసుకి తోచినవాళ్ళు లేచి దేవుడు చేసిన మేలు చెప్పుకుంటారు. ఒకరు మోకాళ్ళ నొప్పి తగ్గిందంటారు, ఒకరు కొడుక్కి పని దొరికిందంటారు. ఓజెల్లా కూడా లేచింది. ఆవిడ మామూలు మనిషా? నెలలో మొదటి ఆదివారం తెల్ల గౌను, తెల్ల టోపీ వేసుకుని ముందు బెంచీలో కూర్చుని సంఘానికి పెద్దరికం చేసే పెద్దమ్మలందరికీ ఆవిడే పెద్ద. ఆర్గన్ మోగుతోంది, చప్పట్లు ఊపందుకున్నాయి. ఆ ఊపులో మనసులో ఉన్నది కాస్తా నోటికి వచ్చేసింది.

“ఈ ఒళ్ళు చచ్చిపోయిందనుకున్నాను తండ్రీ. బతికే ఉందని చూపించావు. ఇన్నేళ్ళకి మళ్ళీ ఒక మనిషి చేతుల్లో కంటినిండా నిద్రపోయాను. నీకే స్తోత్రం,” అంది.

ఆర్గన్ ఆగిపోయింది. ఆ మనిషెవరో ఎవరూ అడగక్కర్లేకపోయింది. గుమ్మం దగ్గర విసనకర్రలు పంచే లిన్‌వుడ్ గేన్స్ తల దించుకుని తన బూట్లు చూసుకుంటున్నాడు.

పొద్దెక్కకముందే పాస్టరుగారు ఫోను చేశారు. వచ్చే ఆదివారం ఓజెల్లా సంఘం ముందు నిలబడి క్షమాపణ అడగాలి, లేదంటే పెద్దమ్మల బెంచీ ఖాళీ చెయ్యాలి. మరి లిన్‌వుడ్ మాటేమిటని అడిగింది ఓజెల్లా. ఆయనతో నేను విడిగా మాట్లాడతానన్నారట. విడిగా మాట్లాడటమంటే ఏమిటో మాకు తెలీదా? వీపు తట్టి, కాఫీ ఇచ్చి పంపుతారు. వెనకటికి కడుపుతో ఉన్న పిల్లల్ని కూడా అలాగే అందరి ముందూ నిలబెట్టి ఏడిపించేవారు. ఆ కడుపుకి కారణమైనవాడేమో పక్కనే డ్రమ్ములు వాయిస్తూ ఉండేవాడు.

మధ్యాహ్నం లిన్‌వుడ్ వచ్చాడు. పెళ్ళి చేసుకుంటే గొడవే ఉండదు కదా అన్నాడు పాపం. ఓజెల్లా ఒప్పుకోలేదు. మంచాన పడ్డ మొగుడికి ఏళ్ళ తరబడి సేవ చేసి సాగనంపిన మనిషి, మళ్ళీ ఇంకొకరి బట్టలు ఉతికే ఓపిక లేదంది. నా బట్టలు నేనే ఉతుక్కుంటాను, కావాలంటే నీవి కూడా ఉతుకుతాను అన్నాడాయన. ఆవిడకి నవ్వొచ్చింది. కానీ పాస్టరుకి భయపడి చేసుకునే పెళ్ళి తనకొద్దని చెప్పి పంపేసింది.

సాయంత్రం వెర్లీన్ పని నుంచి వచ్చేసరికి తల్లి సింకు దగ్గర ఆకుకూర కడుగుతోంది. ఆదివారం ఆ నాలుగు ముక్కలూ అనేసి ఊరుకోమంది కూతురు. తను చర్చిలో ఆడపిల్లలకి పవిత్రత గురించి పాఠం చెబుతుంది, రేపు వాళ్ళ ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలంది.

“ఉన్న నిజం చెప్పు,” అంది ఓజెల్లా.

ఆ మాటకి వెర్లీన్ చేతిలోని సంచి బల్ల మీద విసిరేసింది.

“నిజం కావాలా నీకు? బడిలో నాతో చదివిన డెల్మర్ గుర్తున్నాడా? వరండాలో నా చెయ్యి పట్టుకున్నాడని చీపురు తీసుకుని తరిమావు. ఒళ్ళు దేవుడి ఆలయం, తలుపు వేసి ఉంచమన్నావు. వేశానమ్మా. ఇన్నేళ్ళూ వేసుకునే కూర్చున్నాను. ఇప్పుడు నువ్వు నీ తలుపు తీసుకుని దేవుడికి స్తోత్రం చెబుతున్నావు. మరి నా సంగతేంటి?”

ఓజెల్లా ఆకులు సింకులో వదిలేసి కూతురి వైపు తిరిగింది. కూతురు సిగ్గుతో చచ్చిపోతోందనుకుంది ఇంతసేపూ. సిగ్గు కాదది. చర్చిలో ఎవరైనా పలకరించి భుజం మీద చెయ్యి వేస్తే, వెర్లీన్ కళ్ళు మూసుకుని, ఆ చెయ్యి తీసేశాక కూడా కదలకుండా నిలబడేది. అది భక్తి అనుకుని మురిసిపోయింది తల్లి. అది భక్తి కాదని ఇప్పుడు తెలిసింది. ఏదో చెప్పబోయేలోపే కూతురు గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. ఏడాదికోసారి వచ్చేవాళ్ళు కూడా వచ్చారు, దేవుడి కోసం కాదులెండి. పాస్టరుగారు పిలవగానే ఓజెల్లా తెల్ల గౌనులో ముందుకొచ్చి మైకు అందుకుంది. వెర్లీన్ పాటబృందంలో నిలబడి నేలచూపులు చూస్తోంది.

“క్షమాపణ అడగమన్నారు, అడుగుతాను. మిమ్మల్ని కాదు. నాకు దేవుడిచ్చినదానికి నేను సిగ్గుపడను. మా అమ్మ తెల్లవాళ్ళ ఇళ్ళలో పనిచేసేది. నల్లపిల్ల ఒంటి మీద ఎవడు చెయ్యి వేసినా అడిగే దిక్కులేని చోట తనని తాను దాచుకుంది, నన్ను దాచింది. ఆ భయాన్నే నేను దేవుడి మాటని చెప్పి నా బిడ్డకి అంటగట్టాను. వెర్లీన్, దేవుడు నిన్ను తలుపేసుకోమనలేదే. నేనన్నాను. నన్ను క్షమించు తల్లీ.”

పాస్టరుగారు మైకు తీసుకోబోయారు. ఈలోగా లిన్‌వుడ్ విసనకర్రల కట్ట పక్కన పెట్టి నడుచుకుంటూ వచ్చి, ఆవిడని నిలబెడితే నన్నూ నిలబెట్టండి అంటూ పక్కన నిలబడ్డాడు. పాస్టరుగారు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. పెద్దమ్మల బెంచీలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది, ఇంకొకావిడ మొహం తిప్పుకుంది. ఓజెల్లా ఎవరినీ చూడలేదు. పాటబృందం వైపే చూస్తోంది.

వెర్లీన్ మెట్లు దిగి వచ్చింది. తల్లి భుజం మీద తల పెట్టి, అంతమంది ముందూ వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే ఓజెల్లా చెవిలో గుసగుసగా అంది.

“నాక్కూడా కావాలమ్మా.”

“ఏం కావాలే?”

“నన్నెవరైనా పట్టుకోవాలి. నేనూ అలా నిద్రపోవాలి.”

ఓజెల్లా కూతుర్ని రెండు చేతులా దగ్గరికి లాక్కుంది.

“అడుగు తల్లీ,” అంది. “గట్టిగా అడుగు. పైనున్న ఆయన విననీ.”